ఓలమ్మో అనరాని రోజులు

మా విజయనగరంలో భయమేస్తే ఒకరు అమ్మో అంటారు, ఒకరు బాబోయ్ అంటారు, పెద్దవాళ్లయితే రామ రామ అనుకుంటారు. కొర్రగుడలో అందరికీ ఒకటే మాట. ఓలమ్మో.

కొర్రగుడ అరకు లోయకు పైన, ఎడ్లబండి కూడా ఎక్కలేని కొండవాలు మీద ఉన్న ఊరు. నేను ఎఫ్.ఏ. చదివాను. భార్య పోయాక ఊళ్లో ఉండబుద్ధి కాలేదు. ఏజెన్సీలో బోర్డు బడికి మేష్టరు కావాలంటే వెళ్లాను. దొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగి అప్పటికి రెండేళ్లు కాలేదు. మైదానం నుంచి వచ్చిన మనిషిని చూస్తే ఇంకా తలుపులు మూసుకునేవారు. వాళ్లు నాతో మొదట మాట్లాడిన మాట అదే. గొడుగు విప్పితే ఓలమ్మో. కళ్లజోడు తీసి తుడుచుకుంటే, కళ్లే ఊడబెరుక్కున్నాననుకున్నట్టు, ఓలమ్మో.

ఆ ఒక్క మాటలో ఎన్ని ఉన్నాయో నాకు చెప్పింది రత్న. ఆమె గాసి పెళ్లాం, పద్దెనిమిదేళ్లుంటాయేమో. బడికి ఎదురిల్లే వాళ్లది. మొదట సాగదీస్తే వేళాకోళం, చివర సాగదీస్తే నిజంగా జడిసినట్టు. మధ్యలో తెగిపోతే ఒంటికేదో తగిలిందన్నమాట. గొంతు తగ్గించి ముక్కుతో అంటే, పక్కింటిదాని మెళ్లో పూసలు బాగున్నాయని. నేను అని చూపిస్తే కడుపు పట్టుకుని నవ్వేది. అప్పటికి ఆమెకు కడుపు బాగా కనబడుతోంది.

"మేస్టరుబాబు ఓలమ్మో అంటే పిల్లి కూడా లెగదు," అనేది.

"నీ పిల్లి చెవిటిదేమో."

"మా పిల్లి కాదు బాబూ, మీ గొంతే మూగది."

చైత్రం వచ్చింది. ఇప్పపూలు రాలడం అయిపోయి, మామిడికాయలు టెంక పట్టే రోజులు. ఊళ్లో వేట పండగ. మగవాళ్లందరూ అడవికి వెళ్లి, మృగాన్ని కొట్టి తెస్తేనే కొత్త విత్తనం భూమిలో వేస్తారు. బయలుదేరే ముందురోజు చిన్నమ్మలు బడికి వచ్చింది. ఊళ్లో పురుళ్లు పోసేది ఆ ముసలమ్మే. ఎవరింట్లో ఏ తగువొచ్చినా చివరిమాట కూడా ఆమెదే.

"మేస్టరుబాబూ, రేపు మగోళ్లు అడివికెల్తారు. ఆలు తిరిగొచ్చీదాక ఈ ఊళ్లో ఎవులూ జడిసి అరవకూడదు. నీ బడి పిల్లలికి గట్టిగా సెప్పు."

"పాము కనిపిస్తే?"

"తప్పుకో."

"కాలు జారితే?"

"పడు."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పెళ్లాం అరుపు మొగుడికి ఇనిపిస్తాది. తల్లి అరుపు కొడుక్కి ఇనిపిస్తాది. ఎన్ని కొండలడ్డమొచ్చినా ఇనిపిస్తాది. బాణం లాగినోడు ఎనక్కి తిరుగుతాడు. తిరిగినోణ్ణి ఎలుగు ఒగ్గుద్దా?"

ఆ ఏడు భయం మరీ ఎక్కువని ఆమె చెప్పకపోయినా తెలుసు. పితూరీ రోజుల్లో ఊళ్లో ఉన్న నాటు తుపాకులు ఠాణాకు చేరాయి. మళ్లీ రాలేదు. ఇప్పుడు విల్లమ్ములు, గొడ్డళ్లు, బల్లేలు పట్టుకుని ఎలుగుబంట్లున్న అడవిలోకి వెళ్లాలి. గాసికి వెళ్లాలని లేదు. పెళ్లానికి నెలలు నిండుతున్నాయి. కానీ పురుడు వచ్చే పున్నమి దాటాకే అని చిన్నమ్మలు లెక్క. మగవాళ్లూ తక్కువగానే ఉన్నారు. వెళుతూ వెళుతూ వాడు గుమ్మం దగ్గర ఆగి, "ఏటే గుంటా, నోరు మూసుకుని ఉండగలవా?" అన్నాడు. "నీ నోరు నువ్వు సూసుకో," అంది రత్న.

వాళ్లు వెళ్లిన ఆ రోజు ఊరు ఎలా ఉందంటే, ఎవరో ఊరి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టుంది. కుండ జారి పగిలింది. పట్టుకున్నావిడ చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, పెంకుల మధ్య అలాగే నిలబడిపోయింది. చూరు మీంచి జెర్రిపోతు జారి వాకిట్లో పడితే, ఆడవాళ్లు చెరోపక్కకీ తప్పుకున్నారు, పెద్దమనిషికి దారిచ్చినట్టు. ఒక్క మాట లేదు. పొద్దున్న ఇది నాకు సరదాగానే ఉంది. సాయంత్రానికి నా మెడ బిగుసుకుపోయింది. అరవకూడదని తెలిశాక ప్రతిదీ అరిపించేదానిలాగే కనిపిస్తుంది. కిర్రుమన్న తలుపూ, కాలికి తగిలిన తాడూ.

రెండోనాడు పొద్దెక్కాక, గాసి తల్లి యర్రమ్మ బడి గుమ్మంలోకి వచ్చింది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. భర్త లేడు, ఒక్కడే కొడుకు. ఆమె మొహం చూసి నేను బలపం కింద పెట్టాను.

"బాబూ, బేగి రా."

మందుల పెట్టె అందుకున్నాను. అందులో క్వినైను మాత్రలు, టించరు సీసా, కాస్త దూది ఉన్నాయి.

"అదేం వద్దు. నువ్వు రా."

వాళ్ల వాకిట్లో ఊళ్లో ఆడవాళ్లంతా ఉన్నారు. గుమ్మానికి గోనె పట్టా వేలాడుతోంది. అది పురుటికని వెంటనే అర్థమైంది. ఇంతమంది ఉండి ఆ వాకిట్లో చప్పుడు లేదు. లోపలినుంచి కూడా లేదు. నా కాళ్లు ఆగిపోయాయి.

అయిదేళ్ల కిందట విజయనగరంలో మా ఇంటి వసారాలో కూర్చుని నా భార్య కనకం అరుపులు విన్నాను. తెల్లవార్లూ విన్నాను. అవి ఆగిపోయినప్పుడు, కష్టం గట్టెక్కిందనుకుని నవ్వుతూ లేచి నిలబడ్డాను. అందుకే ఆ గోనె పట్టా వెనక నిశ్శబ్దం నాకు వినబడింది. మామూలుగా చప్పుడు వినబడినట్టే వినబడింది.

చిన్నమ్మలు పట్టా తొలగించుకుని బయటికి వచ్చింది. మోచేతులదాకా ఆముదం.

"కోడి కూసినకాణ్ణించి నొప్పులు. పిల్ల అడ్డం తిరగనేదు, అంతా బాగుంది. కానీ ఇది నోరు ఇప్పదు. పళ్లు బిగబట్టీసింది. నోరు మూసుకున్న ఆడదానికి ఒళ్లంతా మూసుకుపోద్ది బాబూ. ఇలగైతే లోపల బిడ్డ ఉండదు. తల్లీ ఉండదు."

"అరవమని చెప్పు. ఇది ప్రాణం మీదికి వచ్చింది కదా."

"సెప్పినాను. ఆడు సచ్చిపోతాడంతాది."

యర్రమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అరవమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"దీనికో దారుంది," అంది చిన్నమ్మలు. "అడివిలో తనోళ్లు ఎవులూ నేని మనిషి దానికి బదులు అరవాల. ఆ కేక ఎవుల సెవికీ పోదు, గాల్లో పోద్ది. మునుపు మాకు బుధు తాత ఉండీవోడు. పెళ్లాం నేదు, పిల్లల్నేరు. ఏట రోజుల్లో పురుడొస్తే ఆడే కూకునీవోడు. పోయిన వానల్లో సచ్చిపోయాడు. ఇప్పుడు ఈ ఊళ్లో అలాగ ఎవులున్నారు?"

అందరూ నావైపు చూశారు.

నాకు ఎవరూ లేరని ఇంత సూటిగా ఎవరూ అనలేదు. జాలిపడి మాట మార్చేవారే అందరూ. వీళ్ల చూపులో జాలి లేదు. ఇంట్లో నిచ్చెన లేనప్పుడు పక్కింటి నిచ్చెన వైపు చూస్తారే, అలా ఉంది. అది నాకు తేలికగా అనిపించింది.

"నాకు సరిగ్గా అనడం రాదు," అన్నాను.

"వొస్తాది. కూకో."

గోడకు ఆనించి పీట వేశారు. తడిక గోడ మట్టి రాలిన చోట చిన్న కంత ఉంది. దాంట్లోంచి అడ్డతీగ నారతో పేనిన తాడు బయటికి వచ్చింది. రెండో కొస లోపల రత్న చేతుల్లో ఉంది. నొప్పి వచ్చినప్పుడు ఆమె లాగుతుంది, నేను అరవాలి. ఆమె నోరు తెరిచి ఊపిరి వదలాలి. కేక నాది, ఊపిరి తనది. అంతే.

తాడు బిగిసింది. గొంతు సవరించుకున్నాను.

"ఓలమ్మో," అన్నాను.

లోపల్నుంచి చిన్నమ్మలు. "అదేటి బాబూ? బడిలో పేర్లు పిలుత్తన్నావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే నోరు మూసుకున్నారు. గోడ అవతల ఇంకో చిన్న చప్పుడు వినిపించింది. ముక్కులోంచి వచ్చిన నవ్వు. రత్నది. అంత నొప్పిలోనూ నా గొంతుకి నవ్వింది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల నోట్లోంచి బయటికి వచ్చిన మొదటి ఊపిరి అదేనట.

"ఆ, అలగే ఒగ్గు," అంది చిన్నమ్మలు. "బాబూ, మళ్లీ."

రెండోసారి కాస్త పైకి వెళ్లాను. మూడోసారికి గొంతు పగిలింది. ఆ తరవాత సిగ్గు ఎక్కడికి పోయిందో తెలీదు. తాడు బిగిస్తే అరవడం, వదులైతే కళ్లు తుడుచుకోవడం. చివర సాగదీస్తే నిజమైన భయం అని ఆ పిల్ల చెప్పింది. సాగదియ్యడం నేర్చుకోనక్కర్లేదని అప్పుడు తెలిసింది. లోపల భయం ఎంత పొడుగుంటే మాట అంత పొడుగొస్తుంది. వసారాలో ఆ రాత్రి నేను ఒక్క కేకా పెట్టలేదు. మగవాడు పెట్టకూడదు. ఇక్కడ నన్ను పీట వేసి కూర్చోబెట్టి, అదే పని చెయ్యమన్నారు.

యర్రమ్మ ఒకసారి దొప్పలో అంబలి తెచ్చి నా నోటికి అందించింది. తాడు వదలకూడదు కదా, చేతులు ఖాళీ లేవు. పసివాడికి పట్టినట్టు పట్టింది. మొహం మాత్రం కొండవైపే ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. తాడు బిగియడం దగ్గర దగ్గర పడింది. అరచేతిలో చర్మం లేచింది. అప్పుడు తాడు వదులైంది.

ఎదురుచూశాను. బిగియలేదు.

మెల్లగా లాగి చూశాను. తాడు ఏ అడ్డూ లేకుండా నావైపు జానెడు వచ్చింది. అవతల పట్టుకున్న చెయ్యి లేదు.

"చిన్నమ్మలూ," అన్నాను. జవాబు లేదు. లోపల మనిషి కదిలిన చప్పుడు, నీళ్ల చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. తాడు బిగియకుండానే అరిచాను. మళ్లీ అరిచాను. గొంతు పోయింది, గాలే వచ్చింది. ఆ నిశ్శబ్దం తరవాత ఏం వస్తుందో నాకు తెలుసు. తలుపు తీసి ఎవరో బయటికి వచ్చి నా మొహం చూడకుండా నిలబడతారు.

అప్పుడు లోపల్నుంచి వచ్చింది.

"ఓలమ్మోఓఓ..."

రత్న గొంతు. పూర్తిగా తెరిచిన గొంతు. చూరుమీద వాలిన పిచికలు లేచిపోయాయి. ఎదుటి కొండకు తగిలి, ఒకసారి తిరిగి కూడా వచ్చింది. దాని వెనకే, పిల్లి కూనలా, బిడ్డ ఏడుపు.

నేను పీట మీంచి లేవబోయి కూలబడ్డాను. ఆనందంతో ఏదో అనబోయి చుట్టూ చూశాను. ఒక్కరూ గుమ్మంవైపు చూడటం లేదు. అందరూ అడవివైపు తిరిగి ఉన్నారు.

"గుంట పుట్టింది," అంది చిన్నమ్మలు లోపల్నుంచి. ఆడపిల్ల అన్నమాట. కాసేపటికి గోడ కంతలోంచి రత్న గొంతు వినబడింది, నాకు మాత్రమే వినబడేంత.

"బాబూ. నాను అరిసీనానా?"

గొంతు లేదు నాకు.

ఆ పూట ఎలా గడిచిందో చెప్పడం కష్టం. ఎవరూ ఇళ్లకు పోలేదు. యర్రమ్మ పనులన్నీ చేసింది. నీళ్లు కాచింది, బూడిద ఎత్తింది, మాయ పాతిపెట్టడానికి గొయ్యి తవ్వింది. అంతా కొండవైపు చూస్తూనే. చిన్నమ్మలు బయటికి వచ్చి కూర్చుంటే, ఆమె పక్కన నిలబడి నెమ్మదిగా అంది. నేను గోడ దగ్గరే ఉన్నాను కాబట్టి విన్నాను.

"గాసికేటయినా అయితే దీన్ని ఆల పుట్టింటికి తోలీయాల. గుంటని ఉంచీసుకుంతాను. మేకపాలు పట్టి పెంచుతాను."

"అది ఊరు సెప్పాల," అంది చిన్నమ్మలు.

"ఊరేటి సెబుతాదో నీకు తెల్దా?"

తడిక గోడ అది. నాకు వినిపించింది లోపల మంచం మీది రత్నకూ వినిపించే ఉంటుంది. ఎందుకంటే కంతలోంచి బిడ్డను మరింత దగ్గరికి లాక్కున్న బట్ట చప్పుడు వచ్చింది. యర్రమ్మ కూడా అది విన్నట్టుంది. ఒక్కసారి గోడవైపు తిరిగి, మళ్లీ కొండవైపు తిరిగింది.

పొద్దు వాలకముందే మగవాళ్లు దిగుతూ కనిపించారు. మృగం దొరికితే గుట్ట మలుపు దగ్గర్నుంచే తుడుములు మోగించాలి. మోగలేదు. ముందు నలుగురు కర్రలకు తీగలు అల్లి మోసుకొస్తున్నారు. దానిమీద మనిషి.

వాకిట్లో దించారు. గాసి. ఎడమ భుజం దగ్గర మాంసం లేచి ఆకులతో కట్టు కట్టి ఉంది. ఆకుల మీద ఈగలు. కళ్లు తెరిచే ఉన్నాయి. తల్లిని చూసి ఏదో అనబోయాడు. ఆ చూపు చాలు, నేను గోడ పట్టుకుని లేచి నిలబడ్డాను. బతికి ఉన్నాడు.

సోములు ఊరి పెద్ద. వేటకు ముందు నడిచేది అతనే. చేతిలో బల్లెం కింద పెట్టకుండా వాకిట్లో నిలబడ్డాడు.

"ఎలుగు పొదలోంచి లెగిసింది. ఈడు బాణం లాగి ఉన్నాడు. ఒదిలీయాల, అంతే. ఒదల్నేదు. ఎవులో పిలిసినట్టు ఎనక్కి తిరిగీసినాడు." ఆగాడు. "ఊళ్లో ఎవులు అరిసినారు?"

రెండు సంగతులు ఒకే పూట జరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదని కాలేజీలో చదువుకున్నాను. ఆ మాట ఆ వాకిట్లో చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషాన నేనూ దాన్ని నమ్మలేదు.

"నేను అరిచాను," అన్నాను. గొంతు బొంగురుగా, సగం గాలిగా వచ్చింది. "పొద్దుట్నుంచీ నేనే."

"నీ అరుపు కాదు బాబూ. నీకక్కడ ఎవులున్నారు తిరగడానికి?" కోపంగా అనలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. అతని కళ్లు గోనె పట్టా మీదికి వెళ్లాయి. లోపల బిడ్డ ఏడుస్తోంది. పురుడు అయిందని తెలియడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లంతా నేలచూపులు చూస్తున్నారు. చిన్నమ్మలు నోరు తెరిచింది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు.

"నాను," అంది యర్రమ్మ.

కొడుకు తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది. తోలడం ఆపకుండానే అంది.

"కోడలు సచ్చిపోతాదని జడిసీసినాను. అరిసీసినాను."

ఆ వాకిట్లో ఉన్న ప్రతి ఆడదానికీ ఆ గొంతు ఎవరిదో తెలుసు. ఎదుటి కొండకు కూడా తెలుసు. నేను చిన్నమ్మలు వైపు చూశాను. ఆమె తెరిచిన నోరు మూసింది. కాసేపు ఆముదం ఎండిన తన చేతులకేసి చూసుకుంది.

"ఔను. అదే అరిసింది," అంది.

సోములు నమ్మాడో లేదో నాకు ఈనాటికీ తెలీదు. బల్లెం కింద పెట్టాడు.

"తల్లివి. నిన్నెక్కడికి పంపుతాం?" అన్నాడు. "ఆడి గాయం మానీదాక ఆ ఇంటి సూరు కిందకి రాకు. ఆడికి నీ సేత్తో కూడెట్టకు. నీ గొంతు ఆడి సెవిన పడకూడదు. సచ్చినా బతికినా అంతే."

"అలగే," అంది.

ఆఖరిసారి కొడుకు నుదుటి మీద ఈగను తోలి లేచింది. లోపలికి వెళ్లి తన చాప తెచ్చుకోవాలి. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది, ఇక దాటకూడదని గుర్తొచ్చి. పట్టా పక్కనుంచి రత్న చెయ్యి బయటికి వచ్చింది. ఆ చేతిలో చుట్టిన చాప ఉంది. యర్రమ్మ అందుకుంది.

ఆ ఊళ్లో సంసారం లేని కప్పు, నేను ఉండే బడి ఒక్కటే. యర్రమ్మ వసారాలో ఒక మూల చాప వేసుకుంది. నా టించరు సీసా, క్వినైను చిన్నమ్మలు చేత పంపించాను. రోజూ పంపేవాణ్ణి. గాసికి జ్వరం ఎక్కింది. ఎదురింట్లోంచి వాడి పలవరింత వినిపించేది. వాడు తల్లిని పిలిస్తే ఆమె చెంగు నోట్లో కుక్కుకునేది. పలికితే వాడి చెవిన పడుతుంది. వాడు పలవరించకపోతే నేనూ ఆమే ఒకేసారి తలెత్తి వినేవాళ్లం. ఏది ఎక్కువ భయమో చెప్పలేను. పిల్లలు పాఠం అప్పజెబుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపించి వినేవాణ్ణి.

ఒకనాటి పొద్దున్న రత్న బిందె పట్టుకుని, బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని బడి ముందునుంచి వాగుకు బయలుదేరింది. పురిటి తరవాత అదే మొదటిసారి గడప దాటడం. మనిషి సగమైంది.

"గాసికి ఎలా ఉందమ్మా?" అన్నాను.

"తెల్లారగట్ల గెంజి తాగినాడు. రెండు గుక్కలు." ఆగింది. "కట్టు ఇప్పితే వాసన నేదంది చిన్నమ్మలు."

ఆ మాట నాతోనే చెప్పింది కానీ, కావలసిన దానికన్న గట్టిగా చెప్పింది. మూల చాప మీద యర్రమ్మ అడ్డాకులు కుడుతోంది. తలెత్తలేదు. పుల్ల మాత్రం ఆకులో సగం దిగి ఆగిపోయింది.

రత్న వసారా మెట్టెక్కింది. గుడ్డ ముడి విప్పి బిడ్డను ఆకుల కుప్ప పక్కన పడుకోబెట్టింది. అత్తకేసి చూడలేదు. బిందె నడుముకు పెట్టుకుని వాగువైపు దిగిపోయింది. వాగు దగ్గరే అయినా, ఆ రోజు రత్నకు నీళ్లు తేవడానికి చాలాసేపు పట్టింది.